బెంచీ మీది విద్య

డిగ్రీ చివరి సంవత్సరపు పరీక్షలు దగ్గరపడుచుండగా, హిందూపురమునందో, పెనుకొండయందో, ధర్మవరమునందో మూడేండ్లపాటు కళాశాల జట్టున బాస్కెట్‌బాల్ ఆడిన అమ్మాయి తన జెర్సీని ఉతికి మడిచి తెచ్చి, వ్యాయామ విభాగపు బీరువాకు అప్పగించి, రిజిస్టరులో సంతకము చేసి వెళ్ళిపోవునప్పుడు, ఆమె ఆట ముగిసినదని ఎవరును ప్రకటింపరు. ప్రకటింప నక్కరలేనంత సహజముగ అది ముగిసిపోవును. ఆపైన బ్యాంకు పరీక్షయో, డీఎస్సీ కోచింగో, బెంగళూరు కంపెనీలో ఉద్యోగమో, పెండ్లియో ఆమె కొరకు కాచుకొని యుండును. విశ్వవిద్యాలయ జట్టునకు ఎంపికై దక్షిణ మండల పోటీలకు పోయివచ్చిన అదృష్టవంతురాలైనచో ఒక బ్లేజరు మిగులును. అది పెట్టెలో చేరును, మన సీమ ఎండలకు దానిని తొడుగు పని ఎన్నడును పడదు.

ఆమె ఆ మూడేండ్లలో నేర్చినది బంతిని బుట్టలో వేయుట మాత్రమే యైనచో పోయినదానికి విచారింప పనిలేదు. చేతివాటము కొలది నెలలలోనే చెడును, మోకాళ్ళు అంతకు ముందే మొరాయించును. కాని అవతలి జట్టు గార్డు ఎప్పుడును కుడివైపునకే తిరుగునని ఆట మొదలైన మూడవ నిమిషమున కనిపెట్టుట, తన జట్టులో ఎవరికి దమ్ము తగ్గినదో ఆ పిల్ల నోరు విప్పక మునుపే తెలిసికొనుట, బంతి తనకు ఇయ్యలేదని అలిగి మూతి ముడుచుకొన్న పొడుగు పిల్లను ఒక్క మాటతో మరల ఆటలోనికి దింపుట - ఇవియు ఆమెకు అబ్బిన విద్యలే. వీనికి మార్కుల జాబితాలో గడి లేదు. ఉద్యోగపు దరఖాస్తులో అడుగువారు లేరు. మైదానమున కాక బెంచీ మీద కూర్చుండి చేయవలసిన విద్య యిది. మనయొద్ద ఆ బెంచీకి ఉద్యోగమను పేరు లేకపోవుటచేత, నేర్చినవారు నేర్చినంత వేగముగ దానిని మరచిపోవుచున్నారు.

ఈ విద్యనే జీవికగా మలచుకొన్న ఒక స్త్రీ వృత్తాంతము ఈ వారము మా కథనమునకు వస్తువు. ఆమె పేరు సోనియా రామన్. మన సీమ మనిషి కాదు, తెలుగు మనిషియు కాదు. తల్లి పూర్వస్థానము నాగపురము, తండ్రిది చెన్నపట్టణము. ఆమె పెరిగినది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఫ్రేమింగ్‌హామ్ అను పట్టణమున. కళాశాలలో బాస్కెట్‌బాల్ ఆడినది, న్యాయశాస్త్రము చదివినది, వకీలుగా పనిచేసినది, పనిచేయుచునే కళాశాల జట్లకు సహాయ శిక్షకురాలిగా నిలిచినది, ఆపైన పురుషుల ఎన్‌బీఏ జట్టు బెంచీ మీదికి పోయినది, తుదకు 2025వ సంవత్సరపు చివరి భాగమున స్త్రీల లీగైన డబ్ల్యు.ఎన్.బి.ఏ.లో సియాటిల్ స్టార్మ్ జట్టునకు ప్రధాన శిక్షకురాలైనది. భారత సంతతివారిలో ఆ లీగున ప్రధాన శిక్షక పదవి నందినవారు అంతకు మునుపు లేరు. 'మొదటి' అను మాటమీద మా పత్రికలవారికి మోజు మెండు గనుక ఆ వార్త మన పత్రికలందును అచ్చైనది. నన్ను ఆకర్షించినది మాత్రము ఆ మొదటి స్థానము కాదు. 1996లో పట్టా పుచ్చుకొని జెర్సీ విడిచిననాటికిని, 2025లో జట్టు మొత్తము చేతికి వచ్చిననాటికిని నడుమ గడచిన ఇరువదితొమ్మిది సంవత్సరములు.

ఆట పుట్టిన నేల

ఫ్రేమింగ్‌హామ్ ఉన్న రాష్ట్రమే ఈ ఆటకు పుట్టినిల్లు. 1891వ సంవత్సరపు డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డునందలి వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను కెనడా దేశపు ఉపాధ్యాయుడు, బయట మంచు, లోపల అల్లరి విద్యార్థులు, నడుమ తాను అన్న స్థితిలో పడి, పీచ్ పండ్ల గంపలు రెండింటిని వ్యాయామశాల లోపలి బాల్కనీకి కొట్టించి, పదమూడు నియమములు వ్రాసి గోడకు అంటించెను. గంప నేలకు పది అడుగుల ఎత్తున నుండెను. ఇన్నేండ్లలో ఆటలో మారని కొలత అది యొక్కటియే యేమో. విచిత్రమేమనగా, ఆటను కనిపెట్టిన ఆ మహాశయుడు తరువాత కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టునకు శిక్షకుడై 55 ఆటలు గెలిచి 60 ఓడెను. ఘనవిజయములకు పేరుపొందిన ఆ విశ్వవిద్యాలయపు శిక్షకులందరిలో గెలుపుల కంటె ఓటములు ఎక్కువైనవాడు ఆయన యొక్కడే. ఆటను కల్పించుట వేరు, ఆడుట వేరు, ఆడించుట వేరు అనుటకు ఇంతకు మించిన సాక్ష్యము నాకు తోచదు.

స్త్రీలు ఈ ఆటకు ఆలస్యముగ వచ్చినవారని మనవారు అనుకొందురు. అది నిజము కాదు. స్ప్రింగ్‌ఫీల్డునకు ఎంతో దూరము లేని నార్తాంప్టన్‌లో స్మిత్ మహిళా కళాశాల కలదు. అచ్చటి వ్యాయామ ఉపాధ్యాయిని సెండా బెరెన్‌సన్ నైస్మిత్ ఆటను గూర్చి చదివి, మరుసటి ఏడే తన విద్యార్థినులచేత దానిని ఆడించినది. 1893 మార్చిలో ఆ కళాశాలలోని మొదటి సంవత్సరపు పిల్లలకును రెండవ సంవత్సరపు పిల్లలకును జరిగిన ఆటకు పురుషులను లోపలికి రానీయలేదు. ఆమె కోర్టును మూడు భాగములుగ విభజించి, ఎవరి భాగమున వారే నిలువవలెనని శాసించినది. ఒకరి చేతిలోని బంతిని మరియొకరు లాగుకొనరాదని విధించినది. ఆనాటి వైద్యులును పెద్దలును ఆడపిల్ల పరుగెత్తినచో ఏమో యగునని భయపడుచుండగా, ఆ భయమునకు కొంత లొంగి, కొంత దానిని ఏమార్చి, ఆట మాత్రము నిలబెట్టిన యుక్తి అది. ఆడినవారి పేర్లు నేడు ఎవరికిని గుర్తులేవు. ఆడించిన ఆమె పేరు గ్రంథములలో నున్నది.

పగలు వకీలు, సాయంకాలము శిక్షకురాలు

సోనియా రామన్ ఆడినది బోస్టను నగర సమీపమున మెడ్‌ఫర్డులోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయమునకు. అమెరికా కళాశాలల క్రీడావ్యవస్థలో అది మూడవ శ్రేణికి చెందినది. ఆ శ్రేణిలో ఆటకై విద్యార్థివేతనము ఇయ్యరు, వేలమంది ప్రేక్షకులు రారు, టీవీవారు తొంగిచూడరు. ఆడువారు ఆట మీది ప్రేమచేతనే ఆడుదురు, తెల్లవారి తరగతికి పోవుదురు. మన అంతర కళాశాలల పోటీలకు బయలుదేరు పిల్లలకు ఈ వర్ణన కొత్తగ తోచదనుకొందును. 1996లో అంతర్జాతీయ సంబంధముల శాస్త్రమున పట్టము పొంది, ఆమె కొంతకాలము తాను ఆడిన జట్టునకే సహాయ శిక్షకురాలిగ నుండెను. తరువాత బోస్టన్ కాలేజి న్యాయశాస్త్ర పాఠశాలలో చేరి 2001లో ఆ పట్టమును గ్రహించెను. కేంద్ర కార్మిక శాఖలోను, పిదప ఫిడెలిటీ అను పెట్టుబడుల సంస్థలోను న్యాయవాదిగ కుదురుకొనెను.

ఇంతవరకు ఇది మనవారు మెచ్చెడి కథయే. ప్రవాస భారతీయుల ఇంట పుట్టిన బిడ్డ, న్యాయశాస్త్రము, ప్రభుత్వోద్యోగము, పెద్ద సంస్థలో పదవి. తలిదండ్రులు నలుగురిలో చెప్పుకొనుటకు ఇంతకంటె నేమి వలయును? కాని ఆమె ఆ పని చేయుచునే వెల్స్‌లీ మహిళా కళాశాల జట్టునకు సహాయ శిక్షకురాలిగ ఆరు సంవత్సరములు పనిచేసినది. పగలెల్ల పింఛను నిధుల చట్టముల వంటి శుష్క విషయములతో తల బ్రద్దలు కొట్టుకొని, సాయంకాలము వ్యాయామశాలకు పోయి పదునెనిమిదేండ్ల పిల్లలచేత పక్కకు జరుగు అభ్యాసములు చేయించుట, వారాంతమున బస్సెక్కి పరాయి ఊరి ఆటలకు పోవుట, తిరిగివచ్చి సోమవారము ఉదయము మరల కచేరీ బల్ల ముందు కూర్చుండుట - ఆ ఆరేండ్లను జీవిత చరిత్రకారులు ఒక్క వాక్యములో దాటించుదురు. నా దృష్టిలో ఆమె వృత్తికి పునాది అక్కడనే పడినది. ఎవరును చూడని జట్టునకు, ప్రధాన శిక్షకురాలి పక్కన రెండవ మనిషిగ, జీతము కొరకు కాక చేసిన పని అది.

ధర్మవరపు నేతపని ఎరిగినవారికి దీనిని ఒక్క పోలికతో చెప్పవచ్చును. మగ్గము మీద పాత పడుగు ముగిసి, అచ్చు అను క్రొత్త పడుగు వచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు క్రొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగ కలిపి మెలిపెట్టి అతుకువారు ఉందురు. వేల పోగులలో ఒక్కటి తప్పినను నేత చెడును. చీర అమ్ముడుపోవునప్పుడు అంచును మెత్తురు, బుటాను మెత్తురు, అచ్చు అతికిన చేతిని తలచువారుండరు. సహాయ శిక్షకుని పనియు అట్టిదే.

2008లో ఆమె వకీలు వృత్తిని విడిచి, కేంబ్రిడ్జిలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా లోకమెల్ల ఎరిగిన ఎం.ఐ.టి., మహిళా జట్టునకు ప్రధాన శిక్షకురాలైనది. అదియు మూడవ శ్రేణియే. రేయింబవళ్ళు ప్రయోగశాలలలో గడుపు పిల్లలు, లెక్క కుదిరినచో తప్ప ఏ మాటను నమ్మనివారు, ఆమె శిష్యులు. పండ్రెండు ఋతువులు ఆమె అచ్చట నుండెను. ఆ జట్టు చరిత్రలో ఏ శిక్షకునికిని లేనన్ని, 152 విజయములు, ఆమె ఖాతాలో చేరినవి. 2018లోను, 2019లోను వరుసగ తమ ప్రాంతీయ కూటమి విజేతలై, జాతీయ పోటీలకు పోయినారు. ఒక వకీలు తన వాదమును న్యాయమూర్తి యెదుట ఎట్లు క్రమముగ పేర్చునో అట్లు ఆటను విడమరచి చెప్పు అలవాటు ఆమెకు ఈ పిల్లల నడుమ పదునెక్కియుండును. ఇది నా ఊహ మాత్రమే, పాఠకులు మన్నింతురు గాక.

2020 సెప్టెంబరులో మెంఫిస్ గ్రిజ్లీస్ అను ఎన్‌బీఏ జట్టు ఆమెను సహాయ శిక్షకురాలిగ పిలిచినది. అంతకు ఆరేండ్ల మునుపు, 2014లో, బెకీ హామన్ శాన్ ఆంటోనియో జట్టున ఆ పదవిలో చేరి స్త్రీలకు త్రోవ తెరిచియుండెను. కాని హామన్ వృత్తిక్రీడాకారిణిగ పేరుపొందిన మనిషి. మూడవ శ్రేణి కళాశాలలో ఆడి, మూడవ శ్రేణి కళాశాలనుండి నేరుగ ఆ మెట్టెక్కుట అంతకంటె అరుదు. ఆరున్నర, ఏడడుగుల ఎత్తుగల కోటీశ్వరులకు పని చెప్పుట ఎట్లని కొందరు శంకించియుందురు. సమాధానము అంకెలలో నున్నది: ఆమె బెంచీ మీద నుండగా 2021-22 ఋతువున ఆ జట్టు 82 ఆటలలో 56 గెలిచినది. అందులో ఆమె పాలెంత అని అడుగుట అవివేకము. సహాయకుని పాలు వేరుగ తేలునది కాదు. అటనుండి ఆమె న్యూయార్క్ లిబర్టీ మహిళా జట్టు బెంచీకి మారి, ఆపైన సియాటిల్ చేరినది. ఆ సియాటిల్ జట్టు 2004, 2010, 2018, 2020 సంవత్సరములలో లీగు విజేత. అనగా ఆమె కూర్చున్నది మెత్తని పీఠము కాదు.

ఈ త్రోవ ఆమె యొక్కతెదే కాదు. మయామి హీట్ జట్టును 2012, 2013లలో విజేతగ నిలిపిన ఎరిక్ స్పోల్‌స్ట్రా పోర్ట్‌లాండ్ విశ్వవిద్యాలయమున గార్డుగ ఆడినవాడు. 1995లో హీట్ జట్టు వీడియో గదిలో చేరి, పాత ఆటల టేపులను కత్తిరించి అతుకు పనితో మొదలిడి, 2008లో ప్రధాన శిక్షకుడైనాడు. పదుమూడేండ్లు.

ఒక్క నిమిషములో

బెంచీ మీద ఏమి జరుగునో మనవారు చూడరు. బంతివెంటనే కన్నులు పోవును. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఆట పదేసి నిమిషముల నాలుగు భాగములు. టైమ్ అవుట్ ఒక్క నిమిషము. ఆ నిమిషములో ఇరువది క్షణములు పిల్లలు వచ్చి కూర్చుండి నీళ్ళు త్రాగుటకే పోవును. ఆ లోపల శిక్షకులు తమలో తాము మాటలాడుకొందురు. ఒకరు ఫౌళ్ళ లెక్క చెప్పవలెను: మన పొడుగు పిల్లకు నాలుగైనవి, ఐదవది పడినచో బయటికి, అవతలి జట్టునకు ఈ భాగమున నాలుగు ఫౌళ్ళు నిండినవి, ఇకపై తాకినచో మనకు ఫ్రీ త్రోలు, కనుక బయటినుండి షాట్లు మాని లోపలికి చొచ్చుకొని పొండు. ఇంకొకరు అవతలివారి ఎత్తును చెప్పవలెను: స్క్రీన్ పెట్టిన పిల్ల ప్రతిసారి బుట్టవైపునకే జారుచున్నది, కనుక ఇద్దరు బంతివెంట పోవద్దు. ప్రధాన శిక్షకుడు ఈ రెండిటిలో ఒక్కదానినే ఎంచి, మిగిలిన నలుబది క్షణములలో చిన్న బోర్డు మీద గీసి, ఐదుగురు పిల్లలకు ఎక్కునట్లు చెప్పవలెను. రెండు మాటలు చెప్పినచో ఒక్కటియు నిలువదు. సహాయకుడు తెచ్చిన పది సంగతులలో తొమ్మిది పారవేయబడును; ఆ తొమ్మిది తెచ్చినందుకు విసుగుకొననివాడే సహాయకుడు.

ఇదంతయు గ్రిజ్లీస్ బెంచీ మీద అరడజనుకు పైగా శిక్షకులు పంచుకొని చేయుదురు. వెనుక గదిలో వీడియో చూచువారు వేరు, అంకెలు వేయువారు వేరు, ఒక్కొక్క ఆటగాని చేత విడిగ అభ్యాసము చేయించువారు వేరు. మన ఊళ్ళలో ఈ అందరి పనియు ఒక్క మనిషి చేయును. ఆయనను బడిలో పీఈటీ సారు అందురు, కళాశాలలో పీడీ సారు అందురు, పెద్దవారు నేటికిని డ్రిల్లు మాస్టారు అందురు.

డ్రిల్లు మాస్టారి వంశము

ఆ డ్రిల్లు మాస్టారి వంశవృక్షమును వెదకినచో అదియు స్ప్రింగ్‌ఫీల్డునకే పోవును. నైస్మిత్ పనిచేసిన వై.ఎం.సి.ఏ. ఉద్యమమే ఈ ఆటను మన దేశమునకు తెచ్చినది. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికను మద్రాసు నగరమున వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. 1953 వరకు అనంతపురము జిల్లా మద్రాసు రాష్ట్రములోని భాగమే గనుక, హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల బడులకు ఖాకీ నిక్కరు, తెల్ల బనీను, మెడలో విజిలుతో డ్రిల్లు మాస్టారు అను మూర్తి వచ్చిచేరినది ఆ పరంపరనుండియే. ఆయన బాస్కెట్‌బాల్‌కు మాత్రమే గురువు కాడు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పంద్రాగస్టు కవాతు, బడి గేటు దగ్గర ఆలస్యముగ వచ్చినవారి వరుస - అన్నియు ఆయనవే.

ఆయన సాయంకాలము ఎట్లు గడచునో దగ్గరగ చూచినవారికే తెలియును. ముందు సిమెంటు కోర్టు మీది దుమ్మును పిల్లలచేత ఊడ్పించవలెను. చెరిగిన గీతల మీద సున్నపు పొడి పోయవలెను. బంతిలో గాలి తగ్గినది; పంపు దొరకును, సూది దొరకదు. ఇనుప వలయమునకు వల ఉండదు, ఉన్నను వాననీటికి కుళ్ళి వ్రేలాడుచుండును. వల లేనిచో బంతి లోపలినుండి పోయినదో బయటినుండి పోయినదో ప్రతిరోజు ఒక తగవు. 1954లో ఎన్‌బీఏవారు ప్రవేశపెట్టిన ఇరువదినాలుగు సెకన్ల గడియారము మన కోర్టులలో తరచు ఉండదు గనుక, బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థి స్టాప్‌వాచి పట్టుకొని నోటితో లెక్కపెట్టును. వాడు ఏ జట్టు పక్షమో లెక్క వేగమునుబట్టి తెలియును. ఇంతలో కోర్టు అంచున నిలిచిన సీనియర్ పిల్ల, తన డిగ్రీ ముగిసినను అలవాటు చావక వచ్చి చూచుచున్నది, ఉండబట్టలేక అరచును: "యాడ చూస్తాండావే? నీ మనిషిని ఇడ్సొద్దు!" కోర్టులోని జూనియరు "సరేక్కా" అని మరల తన మనిషిని పట్టుకొనును. పీడీ సారు ఆ వేళ సున్నపు డబ్బా మూత వెదుకుచుండును. జట్టునకు ఆ నిమిషమున శిక్షకురాలు ఎవరు? ఆ అక్కయే. కాని ఏ రిజిస్టరులోను ఆమె పేరు లేదు.

నేను ఈ కథనమును వ్రాయుటకు కారణము ఆ అక్కయే. మన ఆడపిల్లల జట్టు ధర్మవరము జంక్షనులో రైలెక్కి బెంగళూరు వైపునకో, అనంతపురమున 1981లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు పోటీలకో బయలుదేరునప్పుడు, చిత్రాన్నము పొట్లములతోను, బొరుగుల సంచులతోను సహా, వెంట ఒక ఆడమనిషి పోవలెననుట రివాజు. న్యాయమైన రివాజే. అందుకై తెలుగు మేడమో, బోటనీ మేడమో మేనేజరుగ నియమింపబడును. పాపము, ఆమె తన ఇల్లు విడిచి, పిల్లల టీఏ డీఏ లెక్కలు వ్రాసికొని, రాత్రి గది తలుపు గడియ వేసినారో లేదో చూచి, ఆట సమయమున బెంచీ మీద కూర్చుండి చప్పట్లు కొట్టును. ఫౌలు ఏదో, ట్రావెల్ ఏదో ఆమెకు తెలియదు, తెలియవలసిన పనియు లేదు. అనగా మన యొద్ద బెంచీ లేకపోలేదు. బెంచీ మీద ఆడువారికి కేటాయించిన చోటు కూడ ఉన్నది, ప్రయాణ భత్యముతో సహా. ఆ చోటున ఆట తెలిసినవారు కూర్చుండకపోవుటయే వింత. నిరుడు ఆ జట్టునకే నాయకత్వము వహించిన పిల్ల అదే ఊరిలో డీఎస్సీ పుస్తకముల ముందు కూర్చుండియుండగా, ఆ పీఠము మరియొకరికి పోవుచున్నది.

శిక్షకత్వమును వృత్తిగ చేపట్టవలెనన్నచో మార్గములు లేవా యన్నచో, కలవు, కాని అన్నియు దూరపు మార్గములు. బి.పి.ఇడి. చదివి, డీఎస్సీ వ్రాసి, పీఈటీ కావచ్చును. 2025నాటి మెగా డీఎస్సీలోని 16,347 ఉద్యోగములలో పీఈటీ పేరున నున్నవి 132. స్కూల్ అసిస్టెంటు స్థాయి వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులు వీనికి వేరు. ఉద్యోగము వచ్చినపిమ్మట ఆమె బాస్కెట్‌బాల్ మనిషిగ మిగులునన్న నమ్మకము లేదు. పైన చెప్పిన కవాతులు, గేటు కాపలా అన్నియు మీద పడును. లేదా 1961లో పటియాలా మహారాజుల మోతీబాగ్ సౌధములో నెలకొన్న జాతీయ క్రీడా శిక్షణ సంస్థకు పోయి డిప్లొమా చేయవచ్చును. ఆడపిల్లను ధర్మవరము నుండి పంజాబునకు ఏడాదిపాటు పంపుటకు ఒప్పుకొను ఇండ్లు ఎన్ని? సోనియా రామన్ కథలో నాకు ముఖ్యముగ తోచినది మూడవ మార్గము: పగలు ఏ పనియైనను చేసికొనుము, సాయంకాలము రెండు గంటలు ఈ బెంచీ మీదికి రమ్ము, పేరు రిజిస్టరులో వ్రాసికొందుము అను మార్గము. వెల్స్‌లీ కళాశాల ఆమెకు ఇచ్చినది అంతే. హిందూపురములోని ఎస్.డి.జి.ఎస్. కళాశాలయైనను, ధర్మవరములోని కె.హెచ్. ప్రభుత్వ డిగ్రీ కళాశాలయైనను అంతపాటి చోటు ఇచ్చుటకు క్రొత్త పోస్టు మంజూరు కానక్కరలేదు, ఒక ఆదేశపత్రము చాలును. చదువు ముగిసిన పిల్లల చేతికి కళాశాల తాళపుచెవులు ఇచ్చినచో ఏమగునో యని ప్రిన్సిపాళ్ళు జంకుదురు. ఆ జంకు అకారణమని నేననను. బాధ్యత వ్రాతపూర్వకముగ నుండవలెను, చిన్నదైనను ఒక గౌరవ వేతనము నుండవలెను. ఉచిత సేవ యనునది మొదటి ఏడు ఉత్సాహముగ సాగును, రెండవ ఏడు మానేయుదురు.

పెనుకొండకు ఈ ఆటతో ఇంకొక బంధుత్వము కలదు. అది చాలమందికి తట్టియుండదు. 1565లో తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులు రాజధానిగ చేసికొన్న ఆ కొండ సమీపముననే, ఎర్రమంచి గ్రామమున, సుమారు 536 ఎకరములలో కియా వారి కార్ల కర్మాగారము కలదు. 2019 డిసెంబరు 5న దాని ప్రారంభోత్సవము జరిగినది. ప్రారంభమునాటికి ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయు శక్తి దానికుండెను. ఆ కియా సంస్థయే అమెరికాలో ఎన్‌బీఏకు చిరకాల భాగస్వామి. ప్రతి ఏడును అచ్చటి అత్యంత విలువైన ఆటగానికి ఇచ్చు పురస్కారము కియా పేరుతోనే ప్రకటింపబడును. 2011లో లాస్ ఏంజెలెస్ నగరమున బ్లేక్ గ్రిఫిన్ అను ఆటగాడు, కియా కారు పైకప్పు సందునుండి సహచరుడు అందించిన బంతిని పట్టుకొని, ఆ కారు ముందుభాగము మీదుగ దూకి బుట్టలో దిగవేసిన దృశ్యము నేటికిని జనులు ఫోనులలో చూచుచుందురు. ఎర్రమంచిలో కార్లకు తలుపులు బిగించు పిల్లలలో కళాశాల రోజులలో బంతి ఆడినవారు ఉందురు. తమ కంపెనీ పేరు ఆ పురస్కారము మీద నున్నదని వారిలో ఎందరికి తెలియునో. సంస్థలు తమ చుట్టుపట్ల గ్రామములకు సామాజిక బాధ్యతా నిధులనుండి తరగతి గదులు, నీటి ట్యాంకులు ఇచ్చుట కద్దు; బాస్కెట్‌బాల్‌తో ఇంత చుట్టరికమున్న సంస్థను మూడు పట్టణముల కోర్టులకు వలలు, షాట్ గడియారములు, సాయంకాలపు సహాయ శిక్షకులకు గౌరవ వేతనము అడుగుట అత్యాశ కాదు. అనంతపురమున 2010నుండి రాఫెల్ నాదల్ పేర టెన్నిస్ బడి నడచుచుండగా, పక్క తాలూకాలలో బాస్కెట్‌బాల్ బెంచీకి ఇద్దరక్కలు దొరకకపోవుట విడ్డూరముగ లేదా?

ఆడపిల్లలు అడుగు ప్రశ్న యొకటి మిగిలియున్నది: ఆమెకు అమెరికా గనుక సాగినది, మాకు సాగునా? సగము నిజమైన ప్రశ్న. వకీలు జీతముతో సాయంకాలపు శిక్షకత్వమును పోషించుకొనుట వేరు, పదివేల రూపాయల ప్రైవేటు బడి జీతముతో పోషించుకొనుట వేరు. చీకటిపడిన తరువాత ఒంటరిగ ఇల్లు చేరుట వెల్స్‌లీలో ఒకటి, హిందూపురము బైపాసు దగ్గర మరొకటి. కాని ఆమెకు సాగినది కూడ ఒక్క గంతులో కాదు. ఎన్‌బీఏ పిలుపు వచ్చునాటికి ఆమె ఆట విడిచి ఇరువదినాలుగేండ్లు గడచినవి. మన లెక్కలో అది ఒక ఉద్యోగి పదోన్నతి ఆశ వదలుకొను వయస్సు.

స్త్రీల లీగు ఋతువు మే నెలలో మొదలగును. సియాటిల్ నగరమున సాయంకాలము 7 గంటలకు ఆట ఆరంభమైనచో మనకు మరునాటి ఉదయము 7-30. కళాశాల బస్సు వచ్చులోపల మొదటి రెండు భాగములు చూడవచ్చును. చూచు పిల్లలకు నాదొక మనవి: టైమ్ అవుట్ పిలిచినప్పుడు టిఫిను కొరకు లేచి వెళ్ళకుడు. ఆ నిమిషమున బోర్డు ఎవరి చేతిలో నున్నదో, వెనుక వరుసనుండి ఎవరు వంగి చెవిలో చెప్పుచున్నారో, ఎవరి మాట తీసివేయబడినదో గమనింపుడు. ప్రసారము చేయువారు తరచు ఆ నిమిషముననే బెంచీని చూపుట మాని ప్రకటన వేయుదురు. అది కారు ప్రకటనయే కావచ్చును.